ఏడు వందల ఇరవై తొమ్మిది పొరలు

పిండిబల్ల దగ్గర నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే మొట్టమొదట అడ్డం వచ్చేవి ఆ మనిషి సొంత కాళ్ళే. వాటినెక్కడ పెట్టుకోవాలో మెరెటెకు మూడు నెలలైనా తెలియలేదు. బల్ల కిందికి చాపితే కంప్యూటర్ తీగలు తగిలేవి. మడుచుకుంటే తిమ్మిరెక్కేవి. పోయిన చలికాలంలో ఆమె కుడి భుజం, ఇక పిండికర్రను నెట్టనని మొండికేసింది. డాక్టరు లోపలి ఫొటోలు తీసి చూసి, చెప్పు అడుగు గురించి చెప్పినట్టు "అరిగిపోయింది" అన్నాడు. బేకరీ యజమాని ఎస్బెన్ మంచివాడు. మానుకొమ్మనలేదు. దుకాణం వెనక గదిలో కూర్చుని ఆర్డర్ల పట్టికలు చూసుకొమ్మన్నాడు.

పట్టికలంటే గళ్ళు. గళ్ళ నిండా అంకెలు. మెరెటెకు అంకెలంటే పద్నాలుగో ఏటి నుంచి భయం.

ఆ భయానికి ఒక గొంతు ఉంది. ఎనిమిదో తరగతిలో తోర్కిల్ మాస్టారు నల్లబల్ల మీద రెండు వేసి, దాని నెత్తిన చిన్న మూడు వేసి, ఎంతో చెప్పమన్నాడు. ఆమె లేచి, ఆరు అంది. రెండు మూళ్ళు ఆరు కదా. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, "ఫర్వాలేదులే మెరెటె. కొందరికి బుర్ర చేతుల్లో ఉంటుంది" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆయన కోపంగా అనలేదు, దయగానే అన్నాడు. అందుకే ఆమె దాన్ని తిట్టు కింద కొట్టిపారెయ్యలేకపోయింది. నలభై మూడేళ్ళుగా ఆ మాట పిలవని చుట్టంలా ఆమెలో మకాం వేసుకుని ఉంది. పదహారో ఏట బేకరీలో పనికి చేరినప్పుడు కూడా, బుర్ర ఉన్నచోటికే వెళ్తున్నాను కదా అనుకుంది.

మే నెలలో ఒక మంగళవారం, వాన వల్ల దుకాణంలో జనం పలచగా ఉన్నారు. పురపాలక సంఘం నుంచి ఏటా వచ్చే ఆర్డరు ఆ పొద్దునే వచ్చింది. నోర్‌విగ్‌కు రాజుగారు సంత హక్కు రాసిచ్చింది 1295లో. అందుకని ప్రతి జూన్ మొదటి శనివారం ఊరి పుట్టినరోజు. పుట్టినరోజంటే కేకు మనిషి ఉండాలి: నల్లటి లికోరైస్ మిఠాయి తీగల జుట్టు, మిఠాయి బొత్తాలు, చుట్టూ కాగితపు జెండాలు. ఊరి తరఫున మేయరమ్మ దాని గొంతు కోస్తుంది. కోస్తున్నంతసేపూ చుట్టూ ఉన్నవాళ్ళు తమ ప్రాణం పోతున్నట్టు అరవాలి. అరవకుండా కోసిన కేకు ఎవరికీ రుచించదు.

మెరెటె పట్టికలో రాసుకుంది: కేకు మనిషి, ఒకటి, పుట్టినరోజు 729.

పని అయిపోయింది. ఇంకా పదిన్నరే. ఖాళీగా కూర్చుంటే కాళ్ళు గుర్తొస్తాయి గనక, గోడకు వేలాడుతున్న పాత వంటల చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామనుకుంది. మొదట చేతికొచ్చింది పొరల పిండి చీటీ. ఎస్బెన్ వాళ్ళ నాన్న చేతిరాత. పిండి, చన్నీళ్ళు, కొంచెం వెనిగర్, మధ్యలో ఒక్క వెన్న పలక. మూడుగా మడవాలి, మూడు సార్లు. మర్నాటిదాకా చల్లగదిలో ఉంచి, మళ్ళీ మూడు సార్లు. ఈ పని ఆమె ఎన్ని వేలసార్లు చేసిందో. చీటీ వంక చూసే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇంత పొడుగ్గా ఎందుకు రాయాలి అనిపించింది. గ్రంథాలయంలో పెట్టిన నాలుగు పాఠాల కంప్యూటర్ తరగతిలో, ఇంటి కప్పులాంటి ఒక గుర్తు ఉంటుందని, అది పెడితే నెత్తిన అంకె వేసినట్టేనని చెప్పారు. ఆమె సమానం గుర్తు కొట్టింది. మూడు కొట్టింది. కప్పు గుర్తు నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు. ఆ మీట స్వభావమే అంత: నొక్కినప్పుడు ఊరుకుంటుంది, తర్వాతి మీట నొక్కాక రెండూ కలిసి బయటికొస్తాయి. మూడుగా మడత, మూడుసార్లు, రెండు రోజులు. చేతులు చేసే వరుసలోనే వేళ్ళు కొట్టుకుంటూ పోయాయి.

=3^3^2

చివరి మీట నొక్కింది. గడిలో ఆ సూత్రం మాయమై 729 వచ్చి కూర్చుంది.

మెరెటె దాని వంక చూసింది. దాని పై గడి వంక చూసింది. అక్కడా 729. ఒకటి ఊరి వయసు, ఒకటి పిండి పొరలు. ఒకదానికొకటి ఏమీ కాని రెండు అంకెలు, బస్సులో పక్కపక్కన కూర్చుని ఒకే పేరు చెప్పుకున్న ఇద్దరు కొత్తవాళ్ళలా ఉన్నాయి.

ఏదో పొరపాటై ఉంటుందని చెరిపేసి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. కాగితం తీసుకుని, పెన్సిల్ తడి చేసుకుని, మడత మడతకీ గీతలు గీసింది. ఒకటి మూడైంది. మూడు తొమ్మిది. తొమ్మిది ఇరవై ఏడు. అది మొదటి రోజు. ఎనభై ఒకటి. రెండు వందల నలభై మూడు. ఏడు వందల ఇరవై తొమ్మిది. రెండో రోజు అయిపోయింది. అరికాళ్ళ నుంచి ఏదో బుడగలు బుడగలుగా పైకి పాకడం మొదలుపెట్టింది. ఇరవై ఏడును ఇరవై ఏడుతో హెచ్చవేసింది: అదే. తొమ్మిదిని మూడుసార్లు వేసుకుని హెచ్చవేసింది: అదే. ఏ తలుపులోంచి వెళ్ళినా అదే గది. ఆమెకు నవ్వొచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చే నవ్వు కొంచెం భయపెడుతుంది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని మరీ నవ్వింది.

మూడుతో హెచ్చవేసుకుంటూ పోతే వచ్చే వయసు ఊరికి ఇంతకుముందు ఎప్పుడొచ్చిందో చూసింది. 243. అంటే 1538లో. అప్పుడు ఊరు ఊరంతా పాత మతం పోయి కొత్త మతం వచ్చిన హడావుడిలో ఉండి ఉంటుంది, ఎవరు గమనిస్తారు? ఇకముందు ఎప్పుడు? 2187. ఇంకా 1458 ఏళ్ళు ఆగాలి.

కుర్చీ వెనక్కి తూలిపోయేంత వేగంగా లేచింది. దుకాణంలో అమ్మకాలు చూసే డొరిట్ రై రొట్టెలు సర్దుతోంది. ఎస్బెన్ కాఫీ తాగుతున్నాడు.

"ఊరి వయసూ మన పొరల పిండీ ఒకటే!"

"ఏమే, జ్వరమా?" అంది డొరిట్. "నీ మొహం చూసుకున్నావా? ఎర్రగా ఉడికిన రొయ్యలా ఉంది."

మెరెటె కాగితం చూపించింది. ఎస్బెన్ కాఫీ కప్పు పట్టుకునే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు, కాఫీ ఒలికింది. ఇంకోసారి లెక్కపెట్టాడు.

"ఆరు మడతలకి అంతా? నేను ఏ పాతికో ముప్పయ్యో అనుకుంటున్నా ఇన్నాళ్ళూ."

"అంటే ఈ ఊళ్ళో జనం పుట్టినప్పటి నుంచి మన పొరల రొట్టెలు తింటూ ఈ యేడు కోసమే ప్రాక్టీసు చేస్తున్నారన్నమాట" అంది డొరిట్. "సరేలే ప్రొఫెసరమ్మా, కాస్త పక్కకి జరుగు. ఆ బుట్టకి అడ్డంగా నిలబడ్డావు."

ఆ మధ్యాహ్నానికే, ఈసారి కేకు మనిషిని పొరల పిండితో చెయ్యాలని ఎస్బెన్ తేల్చేశాడు. పురపాలక సంఘంలో ఉత్సవాలు చూసే అమ్మాయి ఫోన్లోనే కేరింతలు కొట్టి, పోస్టర్లు వేయిస్తానంది: మన వయసెంతో మన కేకులో అన్ని పొరలు. ఊరి పత్రిక వాడొచ్చి మెరెటె ఫొటో తీసుకుని, తెర మీది సూత్రాన్ని ఉన్నదున్నట్టు రాసుకుపోయాడు. ఇంటికి సైకిల్ మీద వెళ్తూ మెరెటె దారిలో కనిపించిన ప్రతిదానికీ నెత్తిన అంకె తగిలించింది. రెండు కిటికీల ఇల్లు. రెండు కిటికీల ఇళ్ళు రెండున్న సందు. అలాంటి సందులు రెండు. పది మలుపులు తిరిగేసరికి ఊళ్ళో వెయ్యిన్నీ ఇరవై నాలుగు కిటికీలయ్యాయి. ఇరవై మలుపులకి దేశం సరిపోదనిపించి, చప్పున బ్రేకు వేసి దిగి, గోడ పట్టుకుని నిలబడింది. తల తిరుగుతోంది. ఇంత ఆనందం తన సైజుకి కొన్నది కాదేమో, తిరిగి ఇచ్చెయ్యమంటారేమో అనిపించింది.

అనుకున్నట్టే అడిగారు. సోమవారం పత్రికలో పాఠకుల ఉత్తరాల్లో మొదటిదే ఇలా ఉంది:

"నోర్‌విగ్ వయసు 729 ఏళ్ళని మనం అనుకుంటున్నాం. బేకరీ వారు అచ్చు వేయించిన సూత్రం ప్రకారం మాత్రం 19,683 ఏళ్ళు. ఘాతం మీద ఘాతం ఉన్నప్పుడు పైనుంచి కిందికి లెక్కించాలని ఎనిమిదో తరగతిలోనే చెప్పాను. ముందు పై మెట్టు: మూడు మూళ్ళు తొమ్మిది. ఆ తర్వాత, మూడును తొమ్మిదిసార్లు వేసుకుని హెచ్చవేయాలి. 19,683 ఏళ్ళ కిందట ఈ ప్రాంతమంతా మంచు పలక కింద ఉండేది. అప్పటి మేయరు ఎవరో బేకరీ వారు తెలియజేస్తే సంతోషిస్తాను. – తోర్కిల్ టెస్ట్రుప్, విశ్రాంత ఉపాధ్యాయుడు."

ఊరు పగలబడి నవ్వింది. అందులో పగ ఏమీ లేదు, బేకరీలోకి వచ్చినవాళ్ళు "మంచుయుగం రొట్టె రెండివ్వమ్మా" అన్నారంతే. కానీ మెరెటెకు ఆ ఉత్తరంలో ఒక్క మాటే కనిపించింది. ఎనిమిదో తరగతిలోనే చెప్పాను. ఆయన ఊరికి రాయలేదు, తనకి రాశాడు. వెనక గదిలో తలుపేసుకుని, ఫోన్లోని లెక్కల యంత్రంలో అదే సూత్రం కొట్టింది. 19683. కంప్యూటర్ పట్టికలో కొట్టింది. 729. చిన్న అంకెలతో చూసింది: రెండు మీద మూడు, దాని మీద రెండు. పట్టిక 64 అంది, ఫోను 512 అంది. ఒకే ప్రశ్నకు రెండు యంత్రాలు రెండు మొహాలు పెట్టాయి. పట్టికలో మళ్ళీ తన మొదటి సూత్రమే కొట్టి, పైన మూడుకీ రెండుకీ చుట్టూ బ్రాకెట్లు వేసి చూస్తే, అదీ బుద్ధిగా 19683 అంది. అంటే ఆ పట్టిక ఎడమ నుంచి కుడికి, పుస్తకం చదువుకున్నట్టు, ముందున్నది ముందు చేసుకుంటూ పోతోంది. మాస్టారు పైనుంచి కిందికి దిగుతున్నాడు. ఎవరిది న్యాయం? ఆరు అన్న పిల్ల మాట ఎవరు నమ్ముతారు? ఒకవేళ పట్టికే తప్పయితే, ఆ తప్పు తెలియక తాను ఊరినంతా ఎగిరించి ఉంటే?

పదకొండింటికి పురపాలక సంఘం అమ్మాయి ఫోన్ చేసింది. "మెరెటె, నాకేం అభ్యంతరం లేదు. కానీ మేయరమ్మ, ఆ అంకె తేలేదాకా పోస్టరు వద్దంటోంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి అచ్చుకి పంపాలి. మాస్టారు ఔనంటే సరే. లేదంటే ఎప్పటిలా మామూలు కేకు మనిషే, ఏమనుకోకు."

ఏమనుకోకు. మెరెటె చాలాసేపు కాళ్ళ వంక చూసుకుంది. భయం లోపలే ఉంది. కానీ వింత ఏమిటంటే, మొన్నటి బుడగలు కూడా ఇంకా అక్కడే ఉన్నాయి. రెండూ కలిసి ఆమెను ఫోన్ దగ్గరికి తోశాయి.

"మాస్టారూ, నేను మెరెటె. బేకరీ."

"ఓ. మంచుయుగం."

"గురువారం రెండింటికి ఇక్కడికి రండి. చేతులు కడుక్కుని రండి."

"నేను లెక్కలు చెప్పేవాణ్ణి, రొట్టెలు చేసేవాణ్ణి కాను."

"నాకూ లెక్కలు రావు. సరిపోయింది."

ఎనభై నాలుగేళ్ళ తోర్కిల్ మాస్టారు ఇస్త్రీ చొక్కాతో, జేబులో సుద్దముక్కతో వచ్చాడు. డొరిట్ ఆయన నడుముకు పెద్ద ఏప్రన్ రెండు చుట్లు చుట్టి కట్టింది. "మంచుయుగం నుంచి మనుషులు సన్నబడ్డారు మాస్టారూ" అంది. బల్ల మీద మెరెటె పిండి సిద్ధం చేసింది: కింద పిండి, మధ్యలో ఒక్క వెన్న పలక, పైన పిండి. తన భుజం కర్ర నెట్టలేదు. అందుకని కర్ర ఆయన చేతికిచ్చింది.

"నేనా?"

"బుర్ర చేతుల్లో పెట్టండి మరి."

ఆ మాట నోటి నుంచి జారాక గాని ఏమన్నదీ ఆమెకు తెలియలేదు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. కర్ర పట్టుకుని, నల్లబల్ల తుడిచినట్టు అటూ ఇటూ తోశాడు.

"అలా కాదు. మీ వైపు నుంచి అటే. వెన్న చిట్లిపోతుంది. ఆఁ, అలా. ఇప్పుడు ఉత్తరం మడిచినట్టు మూడుగా మడవండి. ఎన్ని వెన్న పొరలు?"

"మూడు. ఇందులో వివాదం లేదు."

"పావు చుట్టు తిప్పండి. పరవండి. అంచు పక్కకి పోయింది మాస్టారూ. మళ్ళీ. ఎన్ని?"

"తొమ్మిది" అన్నాడు మాస్టారు రొప్పుతూ. ముక్కు మీద పిండి. "చూడు, ఇక్కడే అసలు విషయం ఉంది. తొమ్మిదే నా పై మెట్టు. నువ్వు రాసిన ప్రకారం ఇలాంటి మడతలు తొమ్మిది వెయ్యాలి."

"తొమ్మిది వేస్తే వెన్న మాయమైపోతుంది. పొరా లేదు, గిరా లేదు. అది మామూలు రొట్టె."

"రొట్టె ఏమవుతుందో నాకనవసరం. రాసింది రాసిందే. రాసిందాన్ని చదివే పద్ధతి ఒకటుంది."

"నేను చేసేదే రాశాను."

"అయితే చేసేది ఒకటి, రాసేది ఒకటి!"

ఎస్బెన్ మధ్యలో కాఫీ తెచ్చాడు. పిండి అరగంట చల్లగదిలో విశ్రమించింది, మాస్టారు కుర్చీలో విశ్రమించాడు. మూడో మడత సాయంత్రం నాలుగింటికి పడింది. ఇరవై ఏడు. ఆయన ఏప్రన్ విప్పి, సుద్దముక్కతో బల్ల మూల 27 అని రాసి, "నేను ఒప్పుకోలేదు. రేపు మిగతా ఆరూ వేద్దాం" అంటూ వెళ్ళిపోయాడు.

"మిగతా మూడు" అంది మెరెటె ఆయన వీపుతో.

శుక్రవారం ఎనిమిదింటికల్లా ఆయన వచ్చేశాడు. నిద్ర సరిగా పట్టలేదన్నాడు, చేతులు నొప్పులన్నాడు, అయినా ఏప్రన్ తానే కట్టుకున్నాడు. మెరెటె చల్లగదిలోంచి పిండి తెచ్చి బల్ల మీద పెట్టింది. చూడటానికి నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టినప్పటిలాగే, నున్నగా, బుద్ధిగా, ఒకే ముద్దగా ఉంది.

మాస్టారు కర్ర ఎత్తి ఆగిపోయాడు.

"ఇది నిన్నటి పిండేనా?"

"నిన్నటిదే."

"లోపల ఇరవై ఏడున్నాయి. కానీ బయటికి ఒకటి." ఆయన గొణుక్కున్నాడు. పరిచాడు. మడిచాడు. ఈసారి అంచు కలిసింది. "ఇరవై ఏళ్ళు మూడు... కాదు, ఇరవై ఏడులు మూడు." తిప్పాడు, పరిచాడు, మడిచాడు. మధ్యలో అరగంట పిండిని చల్లబరిచినంతసేపూ, ఎవరెంత పిలిచినా కాఫీకి రాకుండా చల్లగది తలుపు ముందే నిలబడ్డాడు. "ఇరవై ఏడులు తొమ్మిది." పదకొండు దాటాక ఆఖరి మడత వేస్తూ ఆయన గొంతు కీచుగా లేచింది. "ఇరవై ఏడులు ఇరవై ఏడు! మెరెటె, ఇది ఇరవై ఏడు వర్గం! నిన్నటి రోజంతా ఇవాళ ఒక్క పొర కింద లెక్కలోకొచ్చింది!"

"ఔను మాస్టారూ. రేపటి మడత ఇవాళ్టి దాని కంటే ముందు వెయ్యలేం కదా."

ఆ మాట అన్నాకే ఆమెకు తాను ఏమన్నదో అర్థమైంది. నల్లబల్ల మీద అంకెలన్నీ ఒకేసారి నిలబడి ఉంటాయి, పై మెట్టు నుంచైనా దిగొచ్చు. పిండికి నిన్న ఉంటుంది, ఇవాళ ఉంటుంది. అది ఎడమ నుంచి కుడికే బతుకుతుంది. పట్టిక కూడా అలాగే నడిచింది, అందుకే పిండి లెక్కా దాని లెక్కా కలిశాయి. పట్టికకు పిండి సంగతి తెలుసని కాదు. తన చేతులు ఏ వరుసలో రాశాయో ఆ వరుసలోనే అది చదివింది, అంతే.

మాస్టారు పిండి చేతులతోనే నుదురు పట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని మెరెటె కంగారుపడింది. నవ్వుతున్నాడు. ఈల వేసే కెటిల్‌లా, ఆగకుండా నవ్వుతున్నాడు.

"నలభై ఏళ్ళు చెప్పాను ఘాతాలు. ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. ఎంత చల్లగా ఉంటాయి!"

ఆమెకు అప్పుడు అడగాలనిపించింది. "మాస్టారూ, మీరోసారి తరగతిలో నాతో అన్నారు. కొందరికి బుర్ర చేతుల్లో ఉంటుందని."

"అన్నానా?" ఆయన నిజంగానే వెతుక్కున్నాడు, మొహం వెనక ఎక్కడో. "గుర్తులేదు. ఎప్పుడన్నాను?"

"చాలా రోజులైందిలెండి."

నలభై మూడేళ్ళు మోసిన మాటకు ఈ లోకంలో తానొక్కతే కాపలా అని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. కాపలా మానేస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకుంది. లోపల చుట్టం పెట్టె సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది, కొంచెం దిగులుగా కూడా అనిపించింది.

"అయ్యా, అమ్మా! పదకొండూ నలభై!" అని దుకాణంలోంచి డొరిట్ అరిచింది.

మాస్టారు పిండి అంటిన వేళ్ళతోనే ఫోన్ అందుకున్నాడు. "నేను తోర్కిల్ టెస్ట్రుప్. ఏడు వందల ఇరవై తొమ్మిది. ఔను, సరే అంటున్నాను. కానీ పోస్టర్లో సూత్రం వేస్తే మొదటి రెండు మూళ్ళకీ బ్రాకెట్లు వెయ్యండి. లేకపోతే మళ్ళీ ఉత్తరం రాస్తాను." ఫోన్ పెట్టేసి మెరెటె వైపు తిరిగాడు. "నువ్వు చేసింది ఒప్పు. రాసింది మాత్రం సగం ఒప్పు. బ్రాకెట్ అనేది ఎదుటివాడి మీద దయ."

"ఏడాదంతా గుర్తుంచుకుంటాను" అంది మెరెటె.

శనివారం ఎండ కాసింది. ఊరి నడిమి చౌకులో బల్ల మీద కేకు మనిషి పడుకుని ఉన్నాడు, గాలికి లికోరైస్ జుట్టు కదులుతోంది, ఒంటి నిండా పొరలు విచ్చుకుని బంగారు రంగులో రెపరెపలాడుతున్నాయి. చివరి నిమిషంలో మేయరమ్మ కత్తి మెరెటె చేతికిచ్చింది. "పుట్టినరోజు నువ్వు కనిపెట్టావు, నువ్వే కొయ్యి." మెరెటె ఎడమ చేత్తో కత్తి పట్టుకుని గొంతు దగ్గర ఆనించింది. ఊరు ఊరంతా అరవడం మొదలుపెట్టింది. అందరి గొంతుల మీద నుంచీ ఒక గొంతు లేచి, చర్చి గంట దాకా ఎగిరి, పావురాల్ని లేపేసింది. అది తోర్కిల్ మాస్టారిది. పొరలు కరకరమని తెగాయి. మెరెటె కూడా అరుస్తోంది, ఎప్పటి నుంచి అరుస్తోందో తెలియలేదు.

అందరూ తింటున్నారు. మాస్టారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం మానేసి, మిగిలిన ముక్కను కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చూస్తున్నాడు.

"మెరెటె."

"ఏంటి మాస్టారూ?"

"మొదట్లో వెన్న ఒక్క పలక. దానికి పైనొక పిండి, కిందొక పిండి. ఔనా? మడిచినప్పుడు పిండికి పిండి తగిలినచోట రెండూ అతుక్కుని ఒకటైపోతాయి. వెన్న మూడైతే పిండి నాలుగు. వెన్న తొమ్మిదైతే పిండి పది." ఆయన గొంతు తగ్గించాడు, దొంగసొత్తు సంగతి చెబుతున్నట్టు. "ఏడు వందల ఇరవై తొమ్మిది వెన్న పొరలే. పిండి పొరలు ఏడు వందల ముప్పై."

పక్కన నిలబడ్డ మేయరమ్మ చెంచా గాల్లోనే ఆపేసింది. "అయ్యో. పోస్టరు తప్పంటారా ఇప్పుడు?"

మెరెటె ముందు ఆమె వంక చూసింది, తర్వాత మాస్టారి వంక చూసింది. కడుపులోంచి బుడగలన్నీ ఒక్కసారి పైకి లేచాయి, ఆమె నవ్వు ఆపుకోలేక బల్ల అంచు పట్టుకుంది.

"తప్పెందుకమ్మా? ఈ యేడు వెన్న పుట్టినరోజు. వచ్చే యేడు పిండి పుట్టినరోజు!"

డొరిట్ నోటి నిండా క్రీముతోనే, "ఇంకేం, పద్నాలుగు వందల ఏళ్ళు ఆగాలన్నావు కదే, పన్నెండు నెలల్లోనే వచ్చేసింది" అంది. మాస్టారు అప్పటికే రుమాలు మీద సుద్దతో రాసే ప్రయత్నంలో ఉన్నాడు.

సోమవారం పొద్దున్నే మెరెటె వెనక గదిలో కూర్చుని, వచ్చే జూన్ పేజీ తెరిచింది. కాళ్ళు ఎక్కడున్నాయో ఆమెకు గుర్తులేదు. కేకు మనిషి, ఒకటి, అని రాసి, పక్క గడిలో సమానం గుర్తు కొట్టింది. మాస్టారి కోసం బ్రాకెట్ తెరిచింది. మూడు కొట్టింది. కప్పు గుర్తు నొక్కి, తెర మీద ఏమీ రాకపోతే, వస్తుందిలే అని ఒక్క క్షణం హాయిగా చూస్తూ కూర్చుంది.

=(3^3)^2+1